వెలుపలి పటం, లోపలి ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లో భౌగోళిక ఫారిన్ టేబుళ్లు

2014లో ఏర్పడేనాటికి తెలంగాణలో 10 జిల్లాలు. 2016 అక్టోబరులో అవి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. హద్దుల షేప్‌ఫైల్‌ను ఒకసారి డేటాబేస్‌లోకి ఎక్కించి వదిలేస్తే, ఆనాటి జిల్లాలే అందులో నిలిచిపోతాయి. అందుకే ఫైల్‌ను ఉన్నచోటే ఉంచి, డేటాబేస్ నుంచే చదివే పద్ధతిపై ఆసక్తి కలుగుతుంది.

ఆ పద్ధతికి దారి ఫారిన్ టేబుళ్లు, అంటే బయటి డేటాను టేబుల్‌గా చూపేవి. పోస్ట్‌గ్రెస్‌కు ఇవి 2011లో 9.1 వెర్షన్‌తో వచ్చాయి. అప్పట్లో చదవడం వరకే. రాసే వీలు 2013లో 9.3తో కలిగింది. పోస్ట్‌గ్రెస్‌కు భౌగోళిక హంగులిచ్చే పోస్ట్‌జీఐఎస్ రూపకర్తల్లో ఒకరైన పాల్ రామ్సే ఈ ఏర్పాటును, రకరకాల భౌగోళిక ఫైళ్లను చదివే ఓజీఆర్ లైబ్రరీకి కలుపుతూ ఓజీఆర్ ఎఫ్‌డీడబ్ల్యూ (ఫారిన్ డేటా ర్యాపర్) రాశారు. దానితో షేప్‌ఫైల్, జియోప్యాకేజ్, జియోజేసన్, ఇంటర్నెట్‌లోని డబ్ల్యూఎఫ్ఎస్ సేవ, ఏదైనా సరే, మామూలు టేబుల్‌లాగే కనిపిస్తుంది.

చిక్కంతా ఆ మామూలుతనంలోనే ఉంది. ప్రశ్న రాసేవారికి తేడా తెలియదు కానీ, ఖర్చు మాత్రం ఏ షరతు అవతలికి, అంటే ఓజీఆర్ వైపుకు, దాటుతుందన్న దానిపైనే ఆధారపడుతుంది. పేరు, సంఖ్య వంటి కాలమ్‌లపై పెట్టే సాదా వేర్ షరతులు ఓజీఆర్‌కు చేరతాయి. ఆకారాల చుట్టూ ఉండే దీర్ఘచతురస్రపు హద్దును పోల్చే జంట యాంపర్‌శాండ్ గుర్తు కూడా, ఎదుటి ఆకారం స్థిరమైనదైతే, చేరుతుంది. వేరే టేబుల్‌లోని విలువలతో పోల్చే జాయిన్ షరతు దాటదు. మొత్తం లేయర్ ఇవతలికి వచ్చాకే వడపోత మొదలవుతుంది. దాటిన షరతుకైనా అవతల ఆసరా ఉండాలి. జియోప్యాకేజ్‌లో సాధారణంగా స్థల సూచిక (స్పేషియల్ ఇండెక్స్) ఉంటుంది. జియోజేసన్‌లో లేదు కనుక ఫైల్ అంతా చదవక తప్పదు. ఫారిన్ టేబుల్‌పై మనం ఇండెక్స్ కట్టుకుందామంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు.

ప్రొజెక్షన్ దగ్గర ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. యూటీఎం ప్రొజెక్షన్‌లోని 43, 44 మండలాలను విడదీసే 78 డిగ్రీల రేఖాంశం హైదరాబాద్‌కు పడమరగా పోతుంది. జహీరాబాద్, అనంతపురం 43లో ఉంటే, హైదరాబాద్ 44లో ఉంది. లేయర్ అక్షాంశ రేఖాంశాల్లో, మన దగ్గరి ఆకారం 44లో ఉన్నప్పుడు, చాలామంది లేయర్ కాలమ్‌నే 44లోకి మార్చి పోలుస్తారు. దాంతో షరతు దాటదు. మార్చాల్సింది మన ఆకారాన్ని, కాలమ్‌ను తాకకూడదు. ఒక్క ఫంక్షన్ ఏ పక్కన ఉందన్నదే ఇక్కడ వేగాన్ని తేలుస్తుంది.



రోజూ జాయిన్‌లలో వాడే హద్దులకు నేరుగా ఫారిన్ టేబుల్ తగదని నా అభిప్రాయం. దానిపై మెటీరియలైజ్డ్ వ్యూ కట్టి, స్థల సూచిక పెట్టి, మూలం మారినప్పుడు రిఫ్రెష్ చేయడం మేలు. వాడకం ఆగకుండా రిఫ్రెష్ చేయాలంటే వ్యూపై యూనిక్ ఇండెక్స్ కావాలి. జిల్లా కోడ్ అందుకు సరిపోతుంది, పేరును నమ్ముకోవద్దు.