కందెనవోలు నుంచి సిగ్నల్ కూడలి దాకా: కర్నూలు దారుల్లో వంతు ఎవరిది?

వ్యాససంగ్రహం: పట్టణాల్లో కొత్త రోడ్లు, కూడళ్లలో సిగ్నల్ దీపాలు ప్రజల్లో కలిగిస్తున్న అసంతృప్తిని సాధారణంగా క్రమశిక్షణకు సంబంధించిన సమస్యగా చూస్తున్నారు. కర్నూలు దారుల చరిత్రను, స్థానిక వాడుకను ఆధారం చేసుకొని ఆ దృష్టి ఎందుకు చాలదో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కందెనవోలు, కె.సి. కాలువ, ధాత కరువు, కూడలి, సిగ్నల్, వంతు, పాదచారి.

ఉపోద్ఘాతం

వెడల్పు చేసిన రోడ్డు, దాని నడుమ డివైడర్, కూడళ్లలో ఎరుపు పచ్చ దీపాలు. ఈ మూడూ వచ్చిన ప్రతి పట్టణంలోనూ దాదాపు ఒకే రకమైన ఫిర్యాదులు వినిపిస్తాయి. ఎదురుగా కనిపిస్తున్న అంగడికి పోవాలంటే చాలా దూరం వెళ్లి మళ్లుకొని రావలసి వస్తోందని ద్విచక్రవాహనదారులు అంటారు. బేరం పడిపోయిందని అంగళ్లవారు, ఆగడానికి చోటు లేదని ఆటోడ్రైవర్లు, దాటే సందే దొరకడం లేదని నడిచిపోయేవారు అంటారు. వీటికి వచ్చే జవాబు కూడా ఒకటే: ‘మనవాళ్లకు క్రమశిక్షణ లేదు.’

ఈ జవాబులో కొంత నిజం ఉంది. అయితే అది ఫిర్యాదు చేసినవారందరినీ ఒకే గాట కడుతుంది. ఎరుపు దీపాన్ని లెక్కచేయక దూసుకుపోయే కారుకూ, ఎంత నిలబడినా దాటలేక చివరికి వాహనాల మధ్య పరుగెత్తే ముసలమ్మకూ తేడా చూపదు. ఆ తేడా కనిపించాలంటే దారి ఎవరి కోసం వేశారన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. కర్నూలు విషయంలో ఆ ప్రశ్న ఊరి పేరంత పాతది.

బండి చక్రం పెట్టిన పేరు

కర్నూలుకు పూర్వనామం కందెనవోలు, కందనవోలు. అలంపురం ఆలయ నిర్మాణానికి రాళ్లు తోలుకొనిపోయే బండ్లు తుంగభద్రను దాటే ముందు ఈ ఒడ్డున ఆగేవనీ, ఇక్కడి గాండ్లవారు బండ్ల ఇరుసులకు కందెన సమకూర్చేవారనీ, దానివల్లనే ఊరికి ఈ పేరు వచ్చిందనీ స్థానిక కథనం. నామవ్యుత్పత్తి కథలను యథాతథంగా చరిత్రగా స్వీకరించకూడదన్నది పరిశోధకులకు తెలిసిన విషయమే. కానీ ఒక ఊరు తనను గురించి తాను ఏ కథ చెప్పుకొంటున్నదన్నది కూడా సాక్ష్యమే. రాజు పేరో దేవుడి పేరో కాక, దారిన పోయే బండికి పూసిన కందెన తన పేరుకు మూలమని చెప్పుకొన్న పట్టణాలు మనకు ఎన్నో లేవు.

ఈ కథలో గమనించదగినది మరొకటుంది. ఆలయం అలంపురంలో ఉంది, రాళ్లు అక్కడికే పోతున్నాయి. కందెనవోలు నడుమ ఉన్న రేవు మాత్రమే. దారి తనకోసం కాక తనగుండా పోవడమనే స్థితి ఈ పట్టణానికి తొలినుంచీ ఉంది.

రెండు నదులు, ఒక కాలువ

తుంగభద్ర, హంద్రీ కలిసే మూలలో పాతపట్నం ఏర్పడింది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయలు 16వ శతాబ్దిలో కట్టించాడని చెప్పే కోటలో నేడు ప్రధానంగా కనిపించేది కొండారెడ్డి బురుజు. కోటకు ద్వారాలు కొన్నే ఉంటాయి. రాకపోకలను ఆ కొద్దిచోట్లకే కుదించి, కాపలా పెట్టి, సుంకం తీసుకోవడమే వాటి పని. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగినప్పుడు ఈ ప్రాంతం కందనూరు నవాబు ఏలుబడిలో ఉంది. శ్రీశైల యాత్రికుల నుంచి నవాబు వసూలు చేసే పన్నును ఆయన తన గ్రంథంలో నమోదు చేశాడు. మజిలీ మజిలీకీ నీళ్లు దొరుకుతాయా, అంగళ్లున్నాయా, దిగడానికి వసతి ఉందా అన్నవి కూడా రాసుకొన్నాడు. నడిచేవాడికి, బోయీలకు ఏమి కావాలో దానినిబట్టి దారి మంచిచెడ్డలు నిర్ణయించిన రచన కాశీయాత్ర చరిత్ర. తరువాతి కాలపు రహదారి నివేదికల్లో ఈ కొలమానం కనిపించదు.

1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి కుంఫిణీ ప్రభుత్వం కర్నూలును తన అధీనంలోకి తీసుకొంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల ఆనకట్ట నుంచి కడప వైపు కాలువ తవ్వింది. కె.సి. కాలువ సాగునీటికే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించింది. అంటే అది నీటి రహదారి. కంపెనీకి నష్టాలే మిగలడంతో 1882లో ప్రభుత్వమే దానిని కొనుక్కొంది. పడవల దారి నిలవలేదు, కాలువ మాత్రం పట్టణం నడుమ ఉండిపోయింది. అటు నది, ఇటు వాగువంటి హంద్రీ, మధ్యన కాలువ. కర్నూలులో ఏ వీధిని పొడిగించాలన్నా ఎక్కడో ఒకచోట వంతెన మీదికి ఎక్కించక తప్పదు. రోడ్డును ఎంత వెడల్పు చేసినా వంతెన వెడల్పు పెరగకపోతే రద్దీ అక్కడ పోగుపడుతుంది. నేటి ఇబ్బందుల్లో డ్రైవర్ల స్వభావానికి సంబంధం లేని భాగం ఇది.

రోడ్లు వేసిన చేతుల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో అందరికంటె ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల నడుమ జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గింది. కరువు పనుల్లో కంకర కొట్టడం, రోడ్లు వేయడం ముఖ్యమైనవి. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసుతో మగకూలీ వేతనాన్ని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, పైన కొద్దిపాటి చిల్లరకూ తగ్గించారు. పొరుగు జిల్లాకు పోవడానికి బండి గానీ, పోయినా కొనుక్కోవడానికి డబ్బు గానీ లేనివారు ఆ రోడ్లు వేశారు.

రాజధాని వదిలిన కూడళ్లు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కార్యాలయాలు చాలక గుడారాలు వేశారు. ఉద్యోగుల నివాసాలకు ఏర్పడిన ఎ, బి, సి క్యాంపుల పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. మూడేళ్ల అవసరానికి తాత్కాలికంగా వేసిన గీతలే తరువాత పెరిగిన నగరానికి పునాది అయ్యాయి. సి. క్యాంపు పేరు ఇప్పుడు వినగానే రాజధాని కాదు, రైతుబజారు గుర్తుకొస్తుంది.

పట్టణం గుండా పోయేవారి కోసమే దారి అన్న పాత సూత్రం జాతీయ రహదారులతో మరింత బలపడింది. కాశీ నుంచి కన్యాకుమారికి పోయే 7వ నంబరు రహదారి (2010 తరువాత 44వ నంబరు), కడప మీదుగా చిత్తూరు వైపు పోయే 18వ నంబరు రహదారి (ఇప్పుడు 40) ఇక్కడ కలుస్తాయి. కూడళ్ల పేర్లే దీనికి సాక్ష్యం. బళ్లారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్టు అన్నవి ఆ చోటు ఏమిటో కాక, అక్కడి నుంచి ఎక్కడికి పోవచ్చో చెప్పే పేర్లు. పాతపట్నంలోని గేరి, పేట వంటి మాటలతో ముగిసే పేర్లు ఇందుకు భిన్నం. అవి అక్కడ ఎవరు ఉంటారో చెబుతాయి.

‘సిగ్నల్ పడింది’, ‘వదిలారు’

ఇక దీపాల సంగతి. తెలుగు వాడుకలో ‘సిగ్నల్ పడింది’ అంటే ఎర్రదీపం వచ్చిందని మాత్రమే అర్థం. పచ్చదీపం వస్తే ‘వదిలారు’ అంటాము. మొదటి క్రియ ‘తలుపు పడింది’, ‘గేటు పడింది’ అన్న కోవలోది. రెండవది కాలువ గట్టు మీది మాట: ‘నీళ్లు వదిలారు.’ ఎవరు వదిలారో చెప్పని బహువచనం అది. సిగ్నల్‌ను ప్రజలు తమ సౌకర్యానికి ఏర్పడిన ఉపకరణంగా కాక, ఎక్కడో ఉన్న అధికారి దించి ఎత్తే షట్టరుగా భావిస్తున్నారని ఈ రెండు క్రియలే తెలుపుతున్నాయి.

ఈ పోలిక భాష వరకే ఆగదు. సిగ్నల్ చేసే పని నిజానికి వంతులు వేయడమే. కాలువలో నీరు పరిమితం, కూడలిలో కాలం పరిమితం. కె.సి. కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టి.ఎం.సి.లు కేటాయించింది. ఆ అంకె కర్నూలు, కడప జిల్లాల రైతులకు కంఠస్థం. చివరి ఆయకట్టుకు నీరందకపోతే వారు ప్రశ్నిస్తారు, ఎందుకంటే వంతు ఎంతో వారికి తెలుసు. కూడలిలో ఏ దిక్కుకు ఎన్ని సెకన్లు, ఏ లెక్కన ఇచ్చారో మాత్రం అక్కడ నిలబడినవారికి తెలియదు.

లెక్క లేక కాదు. సిగ్నల్ చక్రంలో కాలాన్ని పంచే పద్ధతిని 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ సూత్రీకరించాడు. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో సిగ్నళ్లకు మార్గదర్శకాలు వెలువరించింది. ఈ లెక్కల్లో వాహనాలన్నిటినీ కారు ప్రమాణంలోకి మారుస్తారు. 1990 నాటి పట్టణ రహదారుల ప్రమాణాల ప్రకారం కారు 1 అయితే, ద్విచక్రవాహనం 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7, తోపుడుబండి 2 నుంచి 3. గ్రామీణ రహదారుల పట్టికలో ఎద్దులబండికి 8 ఇచ్చారు. కందెనవోలుకు పేరు పెట్టిన బండి ఎనిమిది కార్లంత అడ్డు! యాభైమందిని మోసే బస్సు నాలుగు కార్లకు కూడా సమానం కాదు. నడిచిపోయే మనిషికైతే ఈ పట్టికలో అంకే లేదు.

ఇది సాంకేతికంగా తప్పు కాదని ఇంజనీర్లు అంటారు, నిజమే. ఆ పట్టిక కొలిచేది రోడ్డు మీద ఆక్రమించే చోటును, ప్రయాణించే మనుషులను కాదు. కానీ చోటును కొలిచిన లెక్కతో కాలాన్ని పంచినప్పుడు వంతు ఎవరికి పోతుందన్నది సాంకేతిక ప్రశ్నగా మిగలదు. ప్రపంచంలో తొలి ట్రాఫిక్ సిగ్నల్‌ను 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం ఎదుట నిలిపింది అక్కడ నడిచి దాటే సభ్యులకు, ప్రజలకు దారి కల్పించడానికే. గ్యాసుతో వెలిగే ఆ దీపం నెల తిరగకముందే పేలి పోలీసును గాయపరిచింది. అది వేరే కథ. పాదచారి కోసం పుట్టిన సాధనం పాదచారిని లెక్కలోంచి తప్పించే దాకా ఎలా వచ్చిందన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

పాదచారికి మార్గదర్శకాలు బొత్తిగా చోటివ్వలేదని కాదు. దాటే వేగాన్ని సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకోమన్నాయి. 18 మీటర్ల వెడల్పు రోడ్డుకు 15 సెకన్లు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఈ కాలం కూడా పెరగాలి. పెద్దాసుపత్రికి వచ్చే రోగి, సి. క్యాంపు రైతుబజారు నుంచి కూరల సంచి మోసుకొచ్చే వృద్ధురాలు సెకనుకు 0.8 మీటర్లే నడిస్తే అదే రోడ్డుకు 22.5 సెకన్లు పడుతుంది. అదనంగా కావలసిన ఆ ఏడున్నర సెకన్లను ఏ దిక్కు పచ్చదీపం నుంచి తీయాలో ముందే నిర్ణయించి, ఆయకట్టుకు నీటి వంతులు ప్రకటించినట్లే, ఆ పంపకాన్ని కూడలిలో నలుగురికీ కనిపించేచోట రాసి పెట్టవచ్చు.