చాటింపు ఎవరిది, జాగా ఎవరిది? దండోరా నుంచి స్క్రిప్టు దాకా

ఊళ్లో ఏ కబురు చాటాలన్నా డప్పు కావాలి. శిస్తు కట్టమన్నా, జాతర ఫలానా రోజన్నా వాడవాడా తిరిగి డప్పు కొట్టి చెప్పింది మాదిగలే. నిజాం కాలంలో నల్లగొండ జిల్లా వూళ్లల్లో సర్కారు కాగితాలు ఒక వూరి నుంచి యింకో వూరికి మోసింది వెట్టి చేసే మాల మాదిగలే. అంటే ప్రచార సాధనం ఎప్పుడూ మన చేతుల్లోనే వుంది. ఏం చాటాలో తేల్చేది మాత్రం గడీ. గొంతు మనది, మాట వాళ్లది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమానికి దండోరా అన్న పేరు స్థిరపడటంలో వున్న అర్థం యిదే. యికమీదట మన మాట మనమే చాటుకుంటామని.

ఆ చాటింపు చరిత్రలో కొత్త అధ్యాయం యింటర్నెట్. సైటు యజమానులు తమ సైటును పెంచుకోవడానికి, నలుగురికీ చేర్చుకోవడానికి వాడే చిన్న చిన్న ప్రోగ్రాములను స్క్రిప్టులంటారు. యిదేదో కంప్యూటరోళ్ల సంగతి, కులానికీ దీనికీ ఏం సంబంధమని అడిగే మిత్రులున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు కార్యకర్తలకు, విద్యార్థులకు, టీచర్లకు ఆ సంబంధం ఏమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉచితంగా వచ్చినవన్నీ అందినట్టేనా?

మొదట్లో వెబ్ పేజీ గోడ మీద రాత లాంటిది. చదవొచ్చు, జవాబు చెప్పే వీలు లేదు. 1993లో వచ్చిన సి.జి.ఐ. అనే పద్ధతి ఆ గోడకు తలుపు పెట్టింది. చూసినవాళ్లు ఏదైనా రాసి పంపితే సర్వర్లో వున్న ప్రోగ్రాము అందుకుని పని చేస్తుంది. 1995లో అమెరికాలో మాట్ రైట్ అనే కుర్రవాడు తాను రాసిన స్క్రిప్టులను వూరికే పంచిపెట్టాడు. ఎంతమంది చూశారో లెక్కబెట్టే కౌంటరు, వచ్చినవాళ్లు నాలుగు మాటలు రాసిపోయే గెస్ట్‌బుక్, రాసినదాన్ని ఈమెయిలుగా పంపే ఫామ్‌మెయిల్ అందులోవే. అదే ఏడు రాస్మస్ లెర్డార్ఫ్ పి.హెచ్.పి.ని బయటపెట్టాడు. దాని మీద కట్టిన వర్డ్‌ప్రెస్ 2003 మే 27న వచ్చింది. యివాళ ప్రపంచంలో వున్న సైట్లలో నూటికి 40కి పైగా దాని మీదే నడుస్తున్నాయి. అది జి.పి.ఎల్. అనే లైసెన్సు కింద వచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

యిలాంటి హక్కు మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసి ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు కూడా తెరిచింది. కాగితం మీద తెరుచుకున్న చెరువు దగ్గరికి నడిచి పోవడానికి నాలుగేళ్లు పట్టింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో మహద్ చవదార్ చెరువుకు పోయి నీళ్లు తాగితేనే ఆ హక్కుకు ప్రాణం వచ్చింది. జి.పి.ఎల్. కూడా కాగితం మీది చెరువే. అక్కడిదాకా నడిచే తోవ ఎవరికి వుందన్నదే అసలు ప్రశ్న.

తోవలో అడ్డం యేమిటి? 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. యింటర్నెట్‌ను జనానికి యిచ్చింది మహానగరాల్లో. సూర్యాపేట, కోదాడ లాంటి వూళ్లకు అది చేరేసరికి ఏళ్లు గడిచినయి. అంతకన్నా పెద్ద అడ్డం భాష. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా మన డి.టి.పి. సెంటర్లలో పెళ్లి కార్డు నుంచి కరపత్రం దాకా అన్నీ అను ఫాంట్లలోనే తయారయినయి. తెలుగు పత్రికల సైట్లు కూడా ఏ ఫాంటు వాళ్లది వాళ్లు వాడుకున్నయి. మన కంటికి అది తెలుగే. వెతికే యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తుల కుప్ప.

ఈ అడ్డాన్ని కొంత తీసింది కూడా ఉచిత స్క్రిప్టులే. తెలుగు వికీపీడియాకు 2003లో పునాది వేసిన వెన్న నాగార్జున, పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పద్మను రాశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖినిని 2006లో వీవెన్ రాశారు. పైసా అడగకుండా యిచ్చిన పనిముట్లివి. మన పోరాట సాహిత్యం చాలావరకు ఆ చెరువు దగ్గరికి చేరనేలేదు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత వచ్చిన కరపత్రాలు, చిన్న పుస్తకాలు, 'నలుపు' లాంటి పత్రికలు సీసపు అక్షరాల్లోనో డి.టి.పి.లోనో అచ్చయినయి. వాటిని ఫోటో తీసి ఎక్కిస్తే మనిషి చదవగలడు. అందులోని మాటలను విడిగా గుర్తించి అక్షరాలుగా మార్చకపోతే యంత్రం వెతికి పట్టుకోలేదు. దొరకనిది లేనట్టే లెక్క. మన చరిత్ర లేదని రేపు ఎవరన్నా అంటే కారణం యిక్కడుంది.

ఓటు ఒకటే, విలువ ఒకటేనా?

సైటు కట్టగానే సరిపోదు, జనం రావాలి. 1996లో లింక్‌ఎక్స్చేంజ్ అనే కంపెనీ చిన్న సైట్లకు ఒక వుపాయం చూపింది. నా పేజీలో నీ ప్రకటన, నీ పేజీలో నా ప్రకటన. నాట్లకు ఒకరి పొలానికి ఒకరు బదులు పోయినట్టు. నాలుగు వరుసల స్క్రిప్టు అతికిస్తే చాలు. ఆ బదులు పనిని 1998లో మైక్రోసాఫ్ట్ 26.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కూడబెట్టింది వేల చిన్న సైట్లు, అమ్ముకున్నది ఒక కంపెనీ.

అదే 1998లో గూగుల్ వచ్చింది. దాని తొలి సూత్రం సులువు. ఒక సైటు నుంచి యింకో సైటుకు లింకు వుంటే అది ఓటు. కాని అన్ని ఓట్లకూ ఒకే విలువ లేదు. యిప్పటికే పేరున్న సైటు వేసే ఓటు బరువు ఎక్కువ. ఒక మనిషికి ఒక ఓటు వచ్చినా ఒక మనిషికి ఒక విలువ రాలేదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది సరిగ్గా ఈ గండం గురించే. పెద్దింటి చుట్టరికం వున్నోడికి పిలవకుండానే పేరొస్తుంది. యూనివర్సిటీ, పెద్ద పత్రిక, ప్రభుత్వ శాఖ లింకు యిచ్చేది ఎవరికి? వాళ్ల చుట్టాలకే గదా. తర్వాత లింకులమ్మే దుకాణాలు లేచినయి. 2012లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పుతో ఆ దొంగ ఓట్లను తగ్గించింది. దొంగ ఓటు తగ్గినంత మాత్రాన చుట్టరికం పోలేదు.

కులమనే గడి

స్క్రిప్టుకు కులం తెలవదు. ఫారంలో కులమనే గడి పెడితే మాత్రం కులం లెక్కనే పని చేస్తుంది. అమెరికాలో వున్న మురుగవేల్ జానకిరామన్ 1997లో తమిళుల కోసం నడిపిన సైటులోంచి భారత్ మ్యాట్రిమొని పుట్టింది. అది పెరిగిన తీరు చూడాలె. ముందు భాషకొక సైటు, ఆ తర్వాత కులానికొక సైటు. ఒక అచ్చు తయారుచేసి పేరు మార్చుకుంటూ పోవడమే. పెళ్లి సంబంధం కోసం కులం పేరు కొట్టినవాడికి ఆ పేరుతోనే తలుపు ఎదురవుతుంది. సైటును విస్తరించే విద్యకు యింతకన్నా మంచి వుదాహరణ దొరకదు, కులాన్ని విస్తరించే విద్యకు కూడా. కులాంతర వివాహమే కులానికి అసలు మందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. మందు వుండాల్సిన చోట రోగాన్నే విభాగాలుగా చేసి అమ్ముతున్నారు.

ఆ రోగం ఎంత దూరం పోతదో మిర్యాలగూడ చూసింది. అమృత అనే వైశ్య యువతిని పెళ్లి చేసుకున్నందుకు దళిత క్రైస్తవ యువకుడు పెరుమాళ్ల ప్రణయ్‌ను 2018 సెప్టెంబరు 14న ఆసుపత్రి ముందే నరికి చంపారు. హంతకుడికి సుపారీ యిచ్చింది అమృత తండ్రి. ఆమె ఊరుకోలేదు. కొద్దిరోజుల్లోనే 'జస్టిస్ ఫర్ ప్రణయ్' పేరుతో ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచారు. దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి చేరారు, తిట్టినవాళ్లూ చేరారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. కోర్టులో గెలిచింది సాక్ష్యం. కాని ఆరున్నరేళ్లపాటు ఆ పేరును జనం మరవకుండా వుంచడంలో ఆ చాటింపుకు కూడా పాలుంది.

పట్టా లేని యిల్లు

మరి ఆ పేజీ వున్న జాగా ఎవరిది? యిక్కడే చరిత్ర మనకు గట్టి పాఠం చెపుతుంది. 1990లలో ఉచితంగా పేజీలు కట్టుకోనిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో అమెరికాలో మూసేసింది. ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న ఎత్తేసింది. కులం మీద, రిజర్వేషన్ల మీద ఏళ్ల తరబడి చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న మూతపడ్డయి. పోరంబోకులో గుడిసె వేసుకున్నోడికి తెలుసు, ఎన్నేళ్లు వున్నా పట్టా లేకపోతే ఒక్క నోటీసుతో పోతుందని. దున్నేది మనం, భూమి యింకొకరిది అన్న సంగతి కంప్యూటరులోకి వచ్చినా మారలేదు. మన రాతలు, మన వీడియోలు, మన కోపం ఆ కంపెనీలకు పంట. మనకు మిగిలేది లైకుల లెక్క.

అట్లని ఫేస్‌బుక్, యూట్యూబ్ వదిలెయ్యమని మేము అనడం లేదు. సంతలో డప్పు కొట్టాల్సిందే, జనం వున్నది అక్కడే. సంత నుంచి తిరిగొచ్చి పెట్టుకోడానికి సొంత యిల్లు కావాలంటున్నాం. సొంత పేరుతో డొమైన్, దాని మీద వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత స్క్రిప్టు, ఏడాదికి కొంత అద్దె. డొమైన్ ఒక మనిషి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద వుండాలి, తాళంచెవి కనీసం ముగ్గురి దగ్గర వుండాలి. వున్నదంతా యింకో రెండు చోట్ల నకలు తీసి దాచాలి. 1996 నుంచి వెబ్ పేజీలను భద్రపరుస్తున్న యింటర్నెట్ ఆర్కైవ్‌కు కూడా ఒక నకలు పంపాలి. మన సైట్లు ఒకదానికొకటి లింకు యిచ్చుకోవాలి. పెద్దింటి చుట్టరికం మనకు లేదు, వాడల మధ్య చుట్టరికం వుంది.

ఈ మూడు పట్టణాల్లో యింజనీరింగ్, డిగ్రీ చదివిన మన పిల్లలు వందల్లో వున్నారు. అంబేద్కర్ సంఘాల ఆఫీసుల్లో, రిటైరైన టీచర్ల యిళ్లల్లో అటకల మీద పాత కరపత్రాల మూటలు వున్నాయి. ఈ పిల్లలనూ ఆ మూటలనూ కలిపే పని యింకా మొదలు కావాల్సే వుంది. ఒక్కో కరపత్రాన్ని యూనికోడ్‌లో కొట్టాలి, కింద వూరి పేరు, ఏడాది, ఎవరు వేశారో రాయాలి. ఒక బృందం వారానికి రెండు కరపత్రాలు కొట్టినా ఏడాదికి వందవుతాయి. అటక మీద చెదలు మనకోసం ఆగవు. ఈ వారం మొదటి రెండూ కొట్టండి.