చతుర్థాధిపతి: హేరోదు అంతిప పదవి, తెలుగు అనువాద పదం

రాచర్ల మండలంలోని నెమలిగుండం మీదుగా పారే గుండ్లకమ్మ ఒడ్డునే, చాలా దిగువన వెల్లంపల్లి వద్ద, 1878 జులై 3న 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇటువంటి సమాజాలు చదివిన తెలుగు బైబిలులో ‘హేరోదు’ ఒక వ్యక్తి కాదు. మత్తయి చెప్పే శిశువధ చేయించిన హేరోదు క్రీ.పూ. 4లో మరణించాడు. యోహాను తల తీయించినవాడు అతని కొడుకు అంతిప. అపొస్తలుడైన యాకోబును చంపించినవాడు మనుమడు మొదటి అగ్రిప్ప. పేరు ఒకటే కావడంతో ముగ్గురూ కలిసిపోయే ప్రమాదం ఉంది. వారిని వేరుచేసే ఆధారం పదవే.

లూకా సువార్త అనువాదంలో అంతిప ‘చతుర్థాధిపతి’, మార్కులో ‘రాజు’. ఈ తేడా గ్రీకు మూలంలోనే ఉంది, అనువాదకుల దోషం కాదు. హేరోదు మరణానంతరం అగస్టస్ రాజ్యంలో సగం అర్కెలాయుకు ఇచ్చి, మిగిలిన సగాన్ని అంతిప, ఫిలిప్పులకు పంచాడు. ఆ లెక్కన ‘చతుర్థ’ సరిపోతుంది. ఆదాయంలో మాత్రం సరిపోదు: జోసీఫస్ ప్రకారం అంతిపకు ఏటా 200 తలాంతులు, ఫిలిప్పుకు 100. అప్పటికే ఈ బిరుదు నాలుగో వంతును గాక, రాజు కన్నా తక్కువ హోదా గల పాలకుణ్ణి సూచించేది. తెలుగు సమాసం వాటాను చెప్పింది, అధీనతను చెప్పలేదు. ‘సామంతుడు’ అనే మాట మన శాసన భాషలో ఎప్పటి నుంచో ఉంది. అది వాటాను వదిలినా హోదాను పట్టి ఉండేది. అయితే అదే వాక్యంలో పిలాతును కూడా ‘అధిపతి’ అనడం వల్ల ఇద్దరి పైనా కైసరు ఉన్నాడన్న స్ఫురణ కొంత మిగిలింది.

అంతిప నాణేలపై ఉన్నదీ ఈ బిరుదే, రాజనే మాట కాదు. తిబెరియ నగరానికి చక్రవర్తి పేరు పెట్టి, నాలుగు దశాబ్దాలకు పైగా గలిలయ, పెరయలను ఏలాడు. క్రీ.శ. 37లో కొత్త చక్రవర్తి గాయస్ అగ్రిప్పకు రాజ బిరుదు ఇవ్వగానే, అగ్రిప్పకు సోదరి, అంతిపకు భార్య అయిన హేరోదియ ఓర్వలేకపోయింది. ఆమె ప్రోద్బలంతో అంతిప అదే బిరుదు అడగడానికి రోముకు వెళ్లాడు. డెబ్బై వేల మందికి సరిపడే ఆయుధాలు దాచాడని అగ్రిప్ప అప్పటికే లేఖ పంపాడు. ఆయుధాలున్న మాట అంతిప కాదనలేకపోయాడు. 39లో పదవి పోయి ప్రవాసం ప్రాప్తించింది. అగ్రిప్ప సోదరి అని గాయస్ హేరోదియను విడిచిపెట్టబోయాడు. ఆమె ఒప్పుకోక భర్త వెంటే వెళ్లింది. గలిలయ అగ్రిప్ప వశమైంది.