ఆరోగ్యవరం నుంచి ముక్క పరీక్ష దాకా

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరుచుకుంది. పలు క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన ఆ ఆసుపత్రిని నడిపింది డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అందాకా పొడిగాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే ప్రధాన వైద్యం.

మందు లేకపోయినా జబ్బును గుర్తుపట్టే దారి మాత్రం ఉండేది. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే చూపించాడు. కళ్లెను రంగువేసి సూక్ష్మదర్శిని కింద పెడితే చాలా మందిలో అది కనబడేది. తర్వాత మందులొచ్చాయి. వాటితో ఇంటి దగ్గర చేసే వైద్యం శానిటోరియం వైద్యానికి తీసిపోదని మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం 1959లో తేల్చింది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రం అంత సులువుగా గుర్తింపుకు లొంగలేదు. ఎక్స్‌రేలో దాని మచ్చ క్షయ మచ్చలాగే ఉండొచ్చు. దగ్గు, రక్తం పడటం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. మన దేశంలో ఎందరో రోగులు ముందు నెలల తరబడి క్షయ మందులు మింగి, ఆ తర్వాతే అసలు జబ్బు తెలుసుకుంటున్నారు. ఆ పోయిన నెలలు తిరిగి రావు.

అందుకే ఆ మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి (బయాప్సీ). ఛాతీ లోపలి నుంచి ముక్క తీయడానికి కొన్నిసార్లు సర్జన్ కావాలి. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో 1949లోనే ఛాతీ శస్త్రచికిత్స విభాగం మొదలైంది. దాన్ని ప్రారంభించింది అమెరికన్ సర్జన్ రీవ్ బెట్స్.

ముక్కలో క్యాన్సర్ ఉందని తేలితే సరిపోదు. అది ఏ రకం కణాలదో కూడా తెలియాలి. చిన్నకణాల రకం వేగంగా పాకుతుంది. దానికి ఆపరేషన్ అరుదు, కీమో, రేడియేషనే ప్రధానం. మిగతా రకాల్లో ముఖ్యమైనవి అడినోకార్సినోమా, స్క్వామస్. చాలాకాలం ఈ రెండింటికీ దాదాపు ఒకే మందులు ఇచ్చేవారు. 2004లో వెలువడిన ఒక ఔషధ పరీక్షలో బెవాసిజుమాబ్ అనే మందు వాడిన స్క్వామస్ రోగుల్లో కొందరికి ఊపిరితిత్తుల్లో ప్రాణాంతకమైన రక్తస్రావం జరిగింది. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు స్క్వామస్ రకానికి అంతగా పనిచేయదని 2008లో తేలింది. ఒకరికి ఊపిరి పోసే మందు ఇంకొకరికి పనికిరాకపోవచ్చు, హాని కూడా చేయొచ్చు.

అడినోకార్సినోమా అని తేలాక జన్యుపరీక్ష కూడా ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో జెఫిటినిబ్ మాత్ర కీమో కంటే ఎక్కువకాలం జబ్బును అదుపులో పెట్టిందనీ, అది లేనివాళ్లలో కీమోయే మెరుగనీ 2009 నాటి ఆసియా అధ్యయనం చూపింది. అందుకే ముక్క తీసే డాక్టరు, రకం తేల్చగా జన్యుపరీక్షకు కూడా కణజాలం మిగిలేలా జాగ్రత్తపడతాడు.