క్రీస్తుజయంతి: నామవిచారము

క్రీస్తుజయంతి కేవలము పరదేశీయుల పండుగ యనువారు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములఁ బెక్కండ్రు గలరు. ఆ మాట విచార్యము.

మొదట నామమును బరిశీలింతము. ఆంగ్లేయుల "క్రిస్మస్" క్రీస్తుయొక్క ఆరాధన యను షష్ఠీతత్పురుషము. జర్మనులు పవిత్రరాత్రు లనియు, గ్రీకులు "క్రిస్తూయెన్న" యనియు, ఫ్రెంచివారు లాటిను "నటాలిస్" నుండి పుట్టిన "నోయెల్" అనియు వ్యవహరింతురు. ఈ కడపటి రెండింట మన "జన్" ధాతువునకు సగోత్రమగు ధాతువే కలదు. తెలుఁగున నిలిచిన "జయంతి" శబ్దమో, జి ధాతుభవము. రోహిణీయుక్తమైన శ్రావణ బహుళాష్టమికి రూఢమై, పిదప మహనీయుల జన్మదినముల కెల్లఁ జెల్లినది. అనఁగాఁ గృష్ణుని పండుగపేరే క్రీస్తు పండుగకు వచ్చినది! వైయాకరణులకు శంక పుట్టినను రూఢి బలవత్తరము.

తిథియు నెల్లెడల నొకటి కాదు. డిసెంబరు 25 రోమునగరపు 354వ సంవత్సర సంకలనమునఁ గానవచ్చుచున్నది. ఆర్మేనియనులు జనవరి 6న, ప్రాఁత పంచాంగము ననుసరించు రష్యనులు జనవరి 7న జరుపుదురు.

మసచూసెట్సు ప్యూరిటనులు 1659లో దీనిని నిషేధించిరి. ఆ శాసనము 1681 వఱకు నుండెను. న్యూ ఇంగ్లండు బాప్తిస్తులును జిరకాలము దీని నాదరింపలేదు. 1842లో గుంటూరు చేరిన హయ్యరు జర్మనీలోఁ బుట్టిన లూథరను; ఆ సంఘమున కీ పండుగ ప్రాణము. తెనాలి, రేపల్లెలు లూథరనులకును, బాపట్ల బాప్తిస్తులకును మిషను క్షేత్రము లైనవి. ఐనను నేఁడు నక్షత్రదీపము మూఁడూళ్లను సమానముగనే వ్రేలాడుచున్నది. ఈ సామ్యము మిషనులు తెచ్చినది కాదు, కృష్ణాడెల్టాలో వరిపంట యింటికి వచ్చు ధనుర్మాసము తెచ్చినదని నాకుఁ దోఁచుచున్నది. సంక్రాంతికి ముందే క్రైస్తవుల యిండ్లఁ గ్రొత్తబియ్యముతో నరిసెలు వండుదురు.