ఎక్కుపెట్టకూడని విళ్లు

పాత చెక్క విల్లు ఒకటి అటక మీదినుంచో, పాత సామాన్ల దుకాణంనుంచో చేతికొచ్చినప్పుడు దాన్ని బాగుచేయాలని అనిపించడం సహజం. గరుకు కాగితంతో రుద్దడం, నూనె పట్టించడం, కొత్త అల్లెతాడు కట్టి ఒక్కసారైనా లాగి చూడడం, చాలామంది దృష్టిలో బాగుచేయడమంటే ఇదే. మళ్లీ బాణం వేస్తేనే విల్లు బతికినట్టని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వెనక ప్రేమ ఉంది, కాదనను. కానీ చేత్తో చేసిన చెక్క విల్లు విషయంలో ఆ ప్రేమే దాని చరిత్రను తుడిచిపెడుతుందని నా వాదన. పాత విల్లును కాపాడటమంటే అది ఇవాళ ఏ స్థితిలో ఉందో ఆ స్థితిని కాపాడటం. దాని బలం తెలుసుకోవాలంటే అవే కొలతలతో కొత్తది చేసి లాగాలి. ఇందుకు గట్టి సాక్ష్యం ఇంగ్లండు తీరాన, సముద్రం అడుగు బురదలో దొరికింది.

ముందు చెక్క సంగతి చూద్దాం. విల్లును లాగినప్పుడు విలుకాడి వైపున్న చెక్క నలుగుతుంది, అవతలి వైపు చెక్క సాగుతుంది. మధ్యయుగపు ఇంగ్లండు యూ చెట్టు కలప కోసం అంతగా తపించడానికి కారణం ఇదే. దాని చేవ నలుగుడును తట్టుకుంటుంది, చేవ మీదుండే తెల్లచెక్క సాగుడును తట్టుకుంటుంది. విల్లు చేసే పనివాడు ఈ రెండూ కలిసివచ్చేలా దుంగలోంచి బద్ద తీసి, తెల్లచెక్కను బయటివైపు పలచని పొరగా మిగిల్చి, లోపలిదంతా చేవగా చెక్కేవాడు. అయితే ఎంత మంచి చెక్కయినా లాగిన ప్రతిసారీ లోపలివైపు కాస్త నలుగుతుంది, ఆ నలుగుడు పూర్తిగా తేరుకోదు. అల్లెతాడు విప్పాక కూడా విల్లులో కొద్దిపాటి వంపు మిగిలిపోవడం అందుకే. ఎన్నేళ్లు, ఎంత లోతుగా లాగారో ఆ వంపు చెబుతుంది. మరీ నలిగినచోట చెక్క పోగుకు అడ్డంగా సన్నని గీతలు పడతాయి. అవి కంటికి కనిపించేసరికే లోపలి కణాలు కుంగిపోయి ఉంటాయి, ఏ జిగురూ వాటిని తిరిగి నిలబెట్టలేదు. ఆవిరి పట్టి వంపు తీసినా, గీతలు పోయేదాకా రుద్దినా విల్లు కొత్తదైపోదు, తన పాత పనికి సంబంధించిన రాతను మాత్రం పోగొట్టుకుంటుంది. పైగా బద్ద బిగువు దాని మందం ఘనాన్నిబట్టి మారుతుంది. మందం పదోవంతు తగ్గితే బిగువు నాలుగోవంతుకు పైగా పడిపోతుంది. నునుపు కోసం చేతికొచ్చినంత రుద్దినవాడు తనకు తెలియకుండానే ఇంకో విల్లు తయారుచేస్తాడు.

ఇక సాక్ష్యం. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ 1545 జూలై 19న, ఫ్రెంచి నౌకాదళంతో పోరు సాగుతుండగా, పోర్ట్స్‌మత్ ఎదుట సోలెంట్ జలసంధిలో మునిగిపోయింది. 1840లో జాన్ డీన్ అనే గజ ఈతగాడు ఆ శిథిలాల్లోంచి కొన్ని విళ్లు పైకి తెచ్చాడు. యుద్ధానికి వాడిన ఇంగ్లీషు పొడవు విళ్లు అప్పటికి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే మిగిలి ఉండటంతో వాటిమీద చాలా ఊహాగానాలు నడిచాయి. 19వ శతాబ్దపు ప్రసిద్ధ విలుకాడు హొరేస్ ఫోర్డ్ వాటి లాగుడు బలం 65 నుంచి 70 పౌండ్లుంటుందని అంచనా కట్టాడు. అంత మందంగా ఉన్నాయి కాబట్టి అవి పూర్తికాని బద్దలే అయి ఉంటాయని, ఇంకా చెక్కాల్సి ఉందని కొందరు అనుకున్నారు. ఆ మాట నమ్మి ఎవరైనా వాటిని చెక్కి ‘పూర్తి’ చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 20వ శతాబ్దంలో ఆ నౌకను శాస్త్రీయంగా తవ్వి, 1982 అక్టోబరు 11న పైకెత్తారు. తవ్వకాల్లో వేలాది బాణాలతో పాటు చెక్కుచెదరని విళ్లే 130కి పైగా దొరికాయి. వాటి పొడవు సుమారు 1.87 మీటర్ల నుంచి 2.11 మీటర్ల దాకా ఉంది. వాటి కొసల దగ్గర చెక్క రంగు మిగతా భాగంకన్నా లేతగా ఉంది. అల్లెతాడు ఆనడానికి కొమ్ముతో చేసిన తొడుగులు అక్కడ ఉండేవి. ఉప్పునీటిలో కొమ్ము కరిగిపోయినా, అది కప్పినంత మేర చెక్క రంగు మారకుండా నిలిచింది. తొడుగులు తొడిగిన విల్లు పూర్తయిన విల్లే. ఆ మందం పనివాడు కావాలని ఉంచిన మందమే. శతాబ్దానికి పైగా సాగిన ఒక వాదాన్ని తేల్చడంలో కొసల మీది ఆ లేత మరకకు పెద్ద పాలుంది. ఎవరైనా శ్రద్ధగా రుద్ది, వార్నిషు పూసి, కొత్త కొమ్ములు తొడిగి ఉంటే మొదట పోయేది ఆ మరకే. బద్ద మీద పనివాళ్లు గుచ్చిన చిన్నచిన్న గుర్తులు, పనిముట్ల జాడలు కూడా దానితోపాటే పోయేవి.

లాగి చూడకపోతే బలం ఎలా తెలుస్తుందని ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నిజానికి లాగి చూశారు. ఆ విళ్లలో కొన్నిటిని పరీక్షకు పెట్టారు. 4 శతాబ్దాలకు పైగా ఉప్పునీటిలో, బురదలో నానిన చెక్క లోలోపల సడలిపోయింది కాబట్టి అవి చూపిన బలం వాటి అసలు బలం కాలేదు. అసలు సంగతి బయటపడింది నకళ్ల వల్లే. రాయ్ కింగ్ అనే పనివాడు అవే కొలతలతో యూ విళ్లు చేశాడు. నటుడూ విలువిద్యా చరిత్రకారుడూ అయిన రాబర్ట్ హార్డీ, ఆయనతో పనిచేసిన శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు. నకళ్లూ లెక్కలూ కలిపి చెప్పిన బలం 100 పౌండ్ల నుంచి 185 పౌండ్ల దాకా. ఫోర్డ్ అంచనా వీటి దరిదాపుల్లో లేదు. ఆ నౌకలో దొరికిన మనుషుల ఎముకలను పరిశీలించిన ఆన్ స్టర్లాండ్, కొందరి భుజం ఎముకల్లో కనిపించిన తేడాను బాల్యంనుంచి బరువైన విళ్లు లాగడంతో ముడిపెట్టారు. ఎముకల సాక్ష్యం కూడా బరువైన విళ్ల వైపే మొగ్గుతోంది. పాత విల్లు కొలతలిస్తే కొత్త విల్లు జవాబిచ్చింది. రెండు పనులూ ఒకే విల్లుతో చేయించబోతే రెండూ చెడతాయి.

బద్దలోని వార్షిక వలయాల విషయంలోనూ, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలన్న మాట వర్తిస్తుంది. ఇంగ్లండులో మంచి యూ కలప చాలక బయటినుంచి తెప్పించేవారు. 1472 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండు రేవులకు సరుకు తెచ్చే నౌకలు ప్రతి టన్నుకు 4 వింటి బద్దలు తేవాలి. 1484లో మూడో రిచర్డ్ కాలంలో తీపి ద్రాక్షసారాకు పీపా ఒక్కింటికి 10 బద్దలని నిర్ణయించారు. దేశమంతా పరాయి దేశాల కొండల మీది చెట్ల మీద ఆధారపడిందని ఈ చట్టాలు చెబుతాయి. ఫలానా విల్లు ఎలాంటి నేలలో పెరిగిన చెట్టుదో మాత్రం ఏ చట్టమూ చెప్పదు. చలికొండ మీద నెమ్మదిగా పెరిగిన చెట్టుకు వలయాలు దగ్గరదగ్గరగా, సన్నగా ఉంటాయి. వాటిని చెక్క మీదే చదవాలి. దట్టమైన రంగు పూత కింద అవి కనబడవు.

ఆ కాలపు మనుషులే తమ విళ్లను గీకి బాగుచేసుకున్నారు కదా, మనం చేస్తే తప్పేమిటని అడగవచ్చు. ఇది తేలిగ్గా తోసేయగల ప్రశ్న కాదు. మేరీ రోజ్ మునిగిన 1545లోనే రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద రాసిన ‘టాక్సోఫిలస్’ అచ్చయింది. విల్లును మైనం పట్టించిన ఉన్నిగుడ్డతో రుద్దాలని అందులో ఉంది. లోపలివైపు నలుగుడు గీతలు మొదలైతే వాటి చుట్టుపక్కల కాస్త చెక్కి, వంపును సమంగా పంచి, గీత ముదరకుండా ఆపాలని కూడా ఉంది. చక్కని పనితనమే. అయితే ఆస్కమ్ విల్లు మర్నాడు మైదానానికి వెళ్లాల్సిన విల్లు. అది విరిగితే విల్లు చేసేవాడి దగ్గర ఇంకొకటి దొరికేది. ఆ గీకుడు జాడలు ఇవాళ మనకు చరిత్రే, ఎందుకంటే అవి ఆనాటి వాడకంలో భాగం. వాటి మీద మనం గీకితే ఆస్కమ్ కాలపు చేతిపని చెరిగి, మన చేతిపని మిగులుతుంది. చూసేవాడికి ఏది ఎవరిదో తెలియదు.

ఇంకో అభ్యంతరంలో కొంత న్యాయముంది. విళ్లన్నీ మేరీ రోజ్ విళ్లు కావు. 1781లో సర్ ఆష్టన్ లీవర్ లండన్‌లో టాక్సోఫిలైట్ సొసైటీ పెట్టాక విలువిద్య ఇంగ్లండులో వినోదంగా మళ్లీ లేచింది. 19వ శతాబ్దంలో వేడుకకు వాడిన విళ్లు అనేకం తయారయ్యాయి, పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ తగులుతాయి. వీటికి ఇంత పట్టింపు ఎందుకన్నది ప్రశ్న. వీటి విషయంలో నేను కొంత వెసులుబాటు ఒప్పుకుంటాను. ఊడిన కొమ్ము తొడుగును జంతుచర్మపు జిగురుతో తిరిగి అతికించవచ్చు, ఎందుకంటే వేడినీటి తడితో ఆ జిగురు మళ్లీ ఊడివస్తుంది. పిడి మీద చివికిన గుడ్డను కుట్టి నిలపవచ్చు. ఎపాక్సీ మాత్రం వద్దు. అది ఒకసారి పట్టిందంటే రేపు ఇంతకన్నా తెలిసినవాడు వచ్చినా విప్పలేడు. లాగడం ఇక్కడా వద్దనే అంటాను. ఈ విళ్లలో చాలా వాటికి రెండు మూడు చెక్కలు అతికి ఉంటాయి. వందేళ్ల ఎండావానా చూసిన అతుకు ఎక్కడ సడలిందో పైకి తెలియదు. విరిగితే విల్లు పోవడమే కాదు, ముక్క ఎగిరి లాగినవాడి ముఖానికి తగలవచ్చు.

తెలుగునేల మీద నల్లమల చెంచులు, గోదావరి కొండల్లోని కోయలు, కొండరెడ్లు వాడిన వెదురు విళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో పుస్తకాలు వెలువరించాడు. అవి ఎంత విలువైనవైనా, విల్లు చేసిన చేయి కత్తిని ఏ కోణంలో పట్టిందో పుస్తకం చెప్పలేదు, వెదురు చెబుతుంది. వెదురులో పీచు బయటి పెంకు దగ్గరే బాగా దట్టంగా ఉంటుంది, బలమంతా అక్కడే. మెరుపు కోసం ఆ పెంకును గీకేస్తే విల్లు బలమూ పోతుంది, కత్తి జాడా పోతుంది. ఇంట్లో అలాంటి విల్లు ఉన్నవాళ్లు దాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఎండ, చెమ్మ తగలనిచోట, బరువు ఒకేచోట పడకుండా పడుకోబెట్టి ఉంచండి. పొడవు, వెడల్పు, మందం జానెడుకొకచోట కొలిచి రాసిపెట్టండి. ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎవరు వాడారు అన్నది తెలిసినవాళ్లు బతికుండగానే అడిగి రాసుకోండి. బాణం వేయాలని ఉంటే ఆ కొలతలు పట్టుకుని, విల్లు చేయడం తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల పనికి తగిన కూలి ఇచ్చి కొత్తది చేయించుకోండి.