వంకాయ సభల నుంచి ‘కమల’ వరి దాకా

2010 జనవరి, ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయపై ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. మొదటిది కోల్‌కతాలో. హైదరాబాద్‌లోనూ ఒకటి జరిగింది. వంకాయ సాగులో పశ్చిమ బెంగాల్‌ది పెద్ద వాటా కాబట్టి మా ఖరగ్‌పూర్ వైపు వాళ్లకు ఇది దూరపు గొడవేమీ కాదు. రైతులు, శాస్త్రవేత్తలు, విత్తన కంపెనీల వాళ్లు ఒకే హాల్లో వాదించుకున్నారు. ఫిబ్రవరి 9న మంత్రి మారటోరియం ప్రకటించారు.

పన్నెండేళ్లకు అదే శాఖ వేరే దారి పట్టింది. 2022 మార్చి 30 నాటి ఆఫీస్ మెమొరాండంతో ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 రకం జన్యు సవరణ మొక్కలకు 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు మినహాయింపు ఇచ్చింది. అంతకుముందు 2020లో ముసాయిదాపై అభిప్రాయాలు అడిగారు. కానీ నగరాల్లో సభలు పెట్టలేదు.

మెయిన్స్ జవాబుల్లో చాలామంది జన్యుమార్పిడిని, జన్యు సవరణను కలిపేస్తారు. బీటీలో ఒక బాక్టీరియా జన్యువును మొక్కలోకి తెచ్చారు. సవరణలో మొక్క సొంత జన్యువునే ఒకచోట కత్తిరిస్తారు, తుది మొక్కలో బయటి జన్యువు ఉండదు. మినహాయింపుకు ఆధారం ఇదే.

ఫలితం 2025 మే 4న వచ్చింది. ఆ రోజు ప్రకటించిన రెండు వరి రకాలకూ మూలం ఆంధ్ర విత్తనమే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ బాపట్ల వారి సాంబ మసూరి (బీపీటీ 5204) నుంచి ‘కమల’ను తయారు చేసింది. సీకేఎక్స్2 జన్యువు పనిచేయకుండా చేస్తే కంకికి గింజలు పెరుగుతాయి. దిగుబడి 19 శాతం ఎక్కువనీ, పంట 20 రోజులు ముందే వస్తుందనీ సంస్థ చెబుతోంది. రెండోది మార్టేరు ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీ పూసా సంస్థ తెచ్చిన రకం. కరువును, చవుడును తట్టుకోవడం దాని లక్ష్యం.

నా దృష్టిలో అసలు చిక్కు యాజమాన్యం. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(జె) విత్తనాలకు పేటెంట్ ఇవ్వదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం సెక్షన్ 39 ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. అయితే కత్తెర మాటేమిటి? 2012లో వెలుగులోకి వచ్చిన క్రిస్పర్-కాస్9 పేటెంట్ల కోసం అమెరికాలో విశ్వవిద్యాలయాలే కోర్టుకెక్కాయి. ప్రజాధనంతో తయారైన సాంబ మసూరిని పరాయి కత్తెరతో సవరించినప్పుడు లైసెన్సు షరతులేమిటో రైతుకు ముందే తెలియాలి.

తినేవాళ్ల సంగతీ ఉంది. రేపు ‘కమల’ బియ్యం మా గోలేబజార్ కొట్లోకి వస్తే సంచి మీద ఏమని రాస్తారు? బయటి జన్యువును వెతికే పరీక్షకు అది దొరకదు.